నవంబర్ 15, కృష్ణ గారి వర్ధంతి: నలభై మంది అభిమానులతో రక్తదాన శిబిరం, ఒక ఆట సినిమా ఎలా నడపాలి?

ప్రశ్న ఇది: మున్సిపాలిటీ స్థాయి ఊరు. సూపర్ స్టార్ కృష్ణ అభిమానులు నలభై మంది, ఎక్కువమంది రిటైరైనవాళ్లే. 2026 నవంబర్ 15న వర్ధంతికి రక్తదాన శిబిరం, అన్నదానం, థియేటర్లో ఒక ఆట, వీలైతే విగ్రహం. చేతిలో డబ్బు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఎక్కువమంది రిటైరైనవాళ్లే" అని మీరు మామూలుగా అనేశారు కానీ, మొత్తం కార్యక్రమం ఆ మాట మీదే నిలబడుతుంది. కృష్ణ గారి "అల్లూరి సీతారామరాజు" 1974 మే 1న విడుదలైంది. ఆ రోజు పదిహేనేళ్ల వయసులో టిక్కెట్ కోసం చొక్కా చింపుకున్న కుర్రాడికి 2026లో 67 ఏళ్లు. రక్తం ఇవ్వడానికి మన దేశంలో వయసు 18 నుంచి 65. మొదటిసారి ఇచ్చేవాళ్లకైతే 60 దాటకూడదు. అంటే, మొదటి రోజు మొదటి ఆట చూసిన తరం పేరుతో శిబిరం పెట్టొచ్చు గానీ, ఆ తరం రక్తం మాత్రం తీసుకోరు. చాలా సంఘాలు ఇది శిబిరం రోజు పొద్దున్నే కనుక్కుంటాయి. అప్పటికి డాక్టరు వరసగా పెద్దవాళ్లను వెనక్కి పంపుతుంటాడు, వాళ్లు చిన్నబుచ్చుకుంటారు, ఇరవై సంచులు కూడా నిండవు.

కాబట్టి ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని నలభై పేర్లూ వయసుతో సహా రాయండి. 60 లోపు ఎవరు, 60–65 మధ్య ఉండి ఇదివరకు రక్తం ఇచ్చినవాళ్లెవరు, 65 దాటినవాళ్లెవరు. మూడో వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకే పని చెప్పండి: ఇంట్లోంచి గానీ వీధిలోంచి గానీ ఇద్దరు దాతల పేర్లు తేవాలి. కొడుకు, కోడలు, మనవడు, మేడమీద అద్దెకుండే కుర్రాడు, ఎవరైనా సరే. పేరిచ్చినవాళ్లలో మూడో వంతు తగ్గుతారనుకుని లెక్క వేసుకోండి. అరవై సంచులు కావాలంటే తొంభై పేర్లుండాలి.

ఇక తేదీ. 2026లో నవంబర్ 15 ఆదివారం. సెలవు కదా అని సంబరపడకండి, అది కార్తీకమాసం. కార్తీక ఆదివారమంటే ఊళ్లో సగం మంది వనభోజనాలకు పోతారు. మిగిలినవాళ్లలో కొందరు అయ్యప్ప మాలలో ఉంటారు. మాల వేసుకున్నవాళ్లు రక్తం ఇవ్వకూడదని వైద్యపరంగా ఏమీ లేదు. ఒంటిపూట భోజనంతో, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, ఖాళీ కడుపుతో వస్తేనే ఇబ్బంది. ఏమైనా తిని రావాలని ముందురోజే చెప్పండి. కుదరదంటే ఇంకోసారి ఇమ్మనండి. తోటకు వెళ్లేవాళ్లు వెళ్లేలోపే ఇచ్చి పోయేలా శిబిరం ఉదయం 8 గంటలకే మొదలుపెట్టండి. 10 అంటే మనుషులు దొరకరు.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి మాత్రమే రక్తం ఇవ్వాలి. కృష్ణ గారి పుట్టినరోజు మే 31. అక్కడి నుంచి నవంబర్ 15కి 168 రోజులు, మళ్లీ మే 31కి 197 రోజులు. రెండు తేదీలకూ అందరూ ఇవ్వొచ్చు. మధ్యలో ఆగస్టు 9న మహేష్ బాబు పుట్టినరోజు ఉంది, ఊళ్లో కుర్రవాళ్ల సంఘం ఆ రోజు శిబిరం పెడుతుంది. మే 31న ఇచ్చినవాళ్లకు ఆగస్టు 9 నాటికి 70 రోజులే అవుతాయి, కుదరదు. ఆగస్టు 9న ఇచ్చిన మగవాళ్లు నవంబర్ 15న ఇవ్వొచ్చు, 98 రోజులు అవుతాయి. ఆడవాళ్లు ఇవ్వకూడదు. తండ్రి అభిమానులూ కొడుకు అభిమానులూ ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి రెండు సంఘాలూ కూర్చుని పేర్లు పంచుకోవాలి. లేకపోతే ఒకళ్ల దాతల్ని ఇంకొకళ్లు ఖాళీ చేస్తారు.

ఎన్ని సంచులు తీయించాలన్నది మీరు కాదు, రక్తనిధి చెప్పాలి. పోటీ పెట్టుకుని పెద్ద అంకె చూపించాలనే సరదా ఇక్కడ పనికిరాదు. మామూలు సంచిలో రక్తం 35 రోజులు నిలవ ఉంటుంది. విడగొట్టి, ఎర్రకణాలకు నిలవ ద్రావణం కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లు 5 రోజులే. చిన్న ప్రభుత్వాసుపత్రి రక్తనిధికి ఒకే రోజు రెండు వందల సంచులు ఇస్తే, వాడకం అంత లేకపోతే మిగిలింది గడువు దాటి పారేస్తారు. మరో నెలకి అదే ఊళ్లో ఒక్క సంచి కోసం వాట్సాప్ గ్రూపుల్లో వెతుకుతారు. అరవై సంచుల శిబిరం నవంబర్‌లో ఒకటి, మే చివర్లో ఒకటి పెడితే, అది నూట ఇరవై సంచుల ఒక్క శిబిరం కంటే చాలా నయం. పైగా మేలో కాలేజీలకు సెలవులు కాబట్టి దాతలు దొరకరు, రక్తానికి కటకట అప్పుడే.

శిబిరం పెట్టే హక్కు అందరికీ లేదు. లైసెన్సున్న ప్రభుత్వ రక్తనిధి, రెడ్ క్రాస్, లేదా శిబిరాలకు అనుమతి ఉన్న రిజిస్టర్డ్ స్వచ్ఛంద సంస్థ రక్తనిధి వచ్చి తీయాలి. నెల ముందే ఉత్తరం ఇవ్వండి. ఆ ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగి రాతలో జవాబు తీసుకోండి: గరిష్ఠంగా ఎన్ని సంచులు తీసుకుంటారు, రక్తాన్ని భాగాలుగా విడగొట్టే సదుపాయం ఉందా, దాతకు కార్డూ రక్తపు గ్రూపూ ఇస్తారా, తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులున్నవాళ్లకు ఉచితంగా ఇస్తున్నారా. సికిల్ సెల్ మాట ఊరికే అనలేదు. "అల్లూరి"లో చాలా భాగం తీసింది చింతపల్లి అడవుల్లో. ఇప్పుడు ఆ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, అక్కడి గిరిజనుల్లో ఆ జబ్బు ఉంది. ఉత్తరాంధ్ర సంఘాలైతే, తీసిన రక్తం ఏజెన్సీ ఆసుపత్రులకు వెళ్లే రక్తనిధిని వెతుక్కుంటే సినిమాకూ శిబిరానికీ నిజంగానే ముడి పడుతుంది.

విడగొట్టే సదుపాయం సంగతి ఎందుకడగాలంటే, ప్లేట్‌లెట్లు కావాలంటే రక్తం తీసిన 6 గంటల్లోపు వేరు చేయాలి. మీ ఊరి నుంచి ఆ కేంద్రం రెండు గంటల దూరంలో ఉందనుకోండి. శిబిరం మధ్యాహ్నం రెండు దాకా సాగదీస్తే పొద్దున తీసిన సంచుల నుంచి ప్లేట్‌లెట్లు రావు. నవంబర్ నాటికి డెంగీ కేసులు ఇంకా ఉంటాయి, అప్పుడు పనికొచ్చేది అవే. 8 నుంచి 11 దాకా పెట్టి, 11.30కల్లా బండి కదిలించండి.

మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర తీయడానికి రక్తనిధి వైపు నుంచి రావలసింది ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు సహాయకులు. మంచాలు ఆరు నుంచి ఎనిమిది. ముగ్గురే వస్తామంటే అంకె తగ్గించుకోండి, ఒప్పుకుని క్యూ పెంచుకోవద్దు. మీ వైపు నుంచి కావలసింది నేలమీద అంతస్తులో గాలి వెలుతురు ఉన్న హాలు, కనీసం 20 అడుగులకు 30, ఫ్యాన్లు, కరెంటు పోతే జనరేటర్, చేతులు కడుక్కునే నీళ్లు, మరుగుదొడ్డి, నాలుగు టేబుళ్లు, నలభై కుర్చీలు. షామియానా కింద రోడ్డు పక్కన పెట్టకండి, దుమ్ము. హాల్లో పాటలు పెట్టుకోండి, కానీ డాక్టరు దాతతో మాట్లాడే మూల దగ్గర స్పీకరు వద్దు. జబ్బుల గురించీ అలవాట్ల గురించీ అక్కడ అడుగుతారు. అరిచి చెప్పాల్సి వస్తే ఎవరూ నిజం చెప్పరు.

అందరికీ ఒకే టైము చెప్పొద్దు. అర గంటకు పది మంది చొప్పున చీటీలివ్వండి. ఒక్కొక్కరికి నమోదు, పరీక్ష, తీయడం, విశ్రాంతి అన్నీ కలిపి ముప్పావు గంట పడుతుంది. సూది పెట్టాక రక్తం నిండేది పది నిమిషాల్లోపే.

ఎవరు పనికొస్తారో ముందే ఫోన్లో వడబోయండి. బరువు 45 కిలోలు దాటితే 350 మి.లీ., 55 దాటితే 450 మి.లీ. తీస్తారు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆడవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఆగిపోతే అది అవమానం కాదని, ఒక పరీక్ష ఉచితంగా అయిందని చెప్పి పంపండి. బీపీ పై అంకె 100–140, కింది అంకె 60–90 మధ్య ఉండాలి. బీపీ మాత్రలు వాడుతున్నా అదుపులో ఉండి, గత నాలుగు వారాల్లో మందు మార్చకపోతే ఇవ్వొచ్చు. షుగరు మాత్రలకూ అంతే. ఇన్సులిన్ వాడేవాళ్లు ఇవ్వకూడదు. పన్ను పీకించుకుంటే ఆరు నెలలు, పచ్చబొట్టు వేయించుకుంటే ఏడాది, టైఫాయిడ్ వస్తే తగ్గాక ఏడాది, మలేరియా అయితే మూడు నెలలు ఆగాలి. పచ్చబొట్టు విషయం అభిమాన సంఘాల్లో గట్టిగా అడగండి. వర్ధంతికి పది రోజుల ముందు చేతి మీద హీరో పేరు పొడిపించుకుని ఉత్సాహంగా శిబిరానికి వచ్చేవాళ్లుంటారు. వాళ్లది వచ్చే ఏడాది మాట.

కళ్లు తిరిగి పడటానికి ముఖ్య కారణాలు మూడు: తినకపోవడం, ఎండలో నిలబెట్టడం, పక్కవాడు పడిపోవడం చూడటం. ఇవ్వడానికి గంటన్నర ముందు ఇడ్లీ గానీ ఉప్మా గానీ పెట్టండి, అర లీటరు నీళ్లు తాగించండి. విశ్రాంతి కుర్చీలు మంచాలకు ఎదురుగా వేయకండి. పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. తెలివి పూర్తిగా వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయొద్దు. లేచాక పావుగంట కూర్చోబెట్టి, మజ్జిగో పళ్లరసమో బిస్కెట్లతో ఇచ్చి పంపండి. కట్టు నాలుగు గంటలు తీయకూడదు. ఆ రోజు జిమ్ము, బరువులు మోయడం వద్దు. వెంటనే బైకు ర్యాలీ అసలే వద్దు. ర్యాలీ చేసి తీరాలంటే ముందురోజు సాయంత్రం చేసుకోండి.

దాతలకు డబ్బు గానీ, డబ్బు లాంటి కూపన్లు గానీ ఇవ్వకూడదు. కీ చైనో, కృష్ణ గారి ఫొటో ఉన్న కార్డో చాలు.

అన్నదానం సంగతి. కార్తీకమాసం కాబట్టి చికెన్ బిర్యానీ ఆలోచన పక్కన పెట్టండి, అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లూ తినేలా ఉల్లి, వెల్లుల్లి లేని పులిహోర చేయించండి. పదికిలోల బియ్యానికి వంద పొట్లాలు వస్తాయి, ఒక్కోటి పావుకిలో పైన. చింతపండు కిలో నుంచి ఒకటింబావు కిలో, నూనె కిలో పైచిలుకు, పల్లీలు 600 గ్రాములు, శనగపప్పు పావు కిలో, మినప్పప్పు 200, పచ్చిమిర్చి 400, ఎండుమిర్చి 150, పసుపు 50, ఇంగువ 20, ఉప్పు 350 దగ్గర మొదలుపెట్టి రుచి చూసి పెంచాలి. అన్నం పలుకుగా వండి, గుడ్డ మీద పరిచి, ఆవిరి పోయాక పులుసు కలపాలి. వేడిగా పొట్లం కడితే లోపల చెమ్మ పట్టి మధ్యాహ్నానికి జిగురొస్తుంది. తప్పు చింతపండుది కాదు, తొందరది. పెరుగన్నం మాత్రం పొట్లాల్లో వద్దు, తొందరగా పులుస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో పంచాలంటే ముందు అక్కడి అధికారి అనుమతి తీసుకుని, రోగులకు కాక, వాళ్లతో వచ్చినవాళ్లకు ఇవ్వండి. రోగికి ఏ ఆహారం చెప్పారో మీకు తెలియదు.

ఫ్లెక్సీ ఒకటి చాలు, హాలు గేటుకు. ఆరడుగులకు నాలుగడుగుల ఫ్లెక్సీకి బొమ్మ 5184కు 3456 పిక్సెళ్ల దాకా ఉండాలి. వాట్సాప్‌లో తిరిగిన ఫొటో ఇస్తే మొహం చెదిరిపోయి గుర్తుపట్టకుండా పోతుంది. "జయంతి" అని అచ్చు వేయించకండి. ఏటా ఎక్కడో ఒకచోట ఆ పొరపాటు జరుగుతూనే ఉంటుంది. పేరు ముందు "పద్మభూషణ్" పెట్టకండి. 2009లో వచ్చిన గౌరవమే, కానీ పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా బిరుదుల్లా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. "నటశేఖర" అనుకోండి, "సూపర్ స్టార్" అనుకోండి, ఎవరూ అడ్డుచెప్పరు. ఇనుప ఫ్రేముతో ఎత్తైన కటౌట్ మాత్రం వద్దే వద్దు. 2020 సెప్టెంబర్‌లో చిత్తూరు జిల్లాలో ముగ్గురు, 2024 జనవరిలో కర్ణాటక గదగ్ జిల్లాలో ముగ్గురు, హీరోల పుట్టినరోజు కటౌట్లు కడుతూనే కరెంటు తగిలి పోయారు. తడి వెదురు కూడా కరెంటు లాగుతుంది. తీగల కింద నిచ్చెన ఎత్తొద్దు. పాలాభిషేకానికి ఇరవై లీటర్లు కొనే సంఘాలున్నాయి, ఆ ఇరవై లీటర్లతో దాతలందరికీ రెండుసార్లు టీ వస్తుంది.

విగ్రహం ఈ బడ్జెట్‌లో మాట్లాడే విషయమే కాదు. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. సొంత స్థలం ఎవరైనా రాసిస్తే అప్పుడు మళ్లీ అడగండి.

ఇక మీకు నిజంగా ముఖ్యమైంది సినిమా అని ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. దాన్ని నవంబర్ 15న పెట్టొద్దు. ఆదివారం ఉదయం ఆటను కొత్త సినిమా దగ్గర నుంచి లాక్కుని ఏ థియేటరూ ఇవ్వదు. ఇచ్చినా అద్దె ఎక్కువ, పైగా శిబిరం కూడా అదే పూట. 2027 మే 31 సోమవారం. సోమవారం ఉదయం ఆట ఖాళీగానే ఉంటుంది, బేరం కుదురుతుంది, పిల్లలకు సెలవులు కూడా.

ఏ సినిమా అన్నది మనసుతో కాదు, ప్రింటుతో తేల్చుకోవాలి. "మోసగాళ్ళకు మోసగాడు" 2023 మే 31న 4కే లో మళ్లీ విడుదలైంది, అంటే థియేటర్‌కు పనికొచ్చే డిజిటల్ ప్రింటు ఉంది. మొదట దాన్నే ప్రయత్నించండి. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 1971లో వచ్చిన మన తొలి కౌబాయ్ సినిమా, రాజస్థాన్ ఎడారిలో తీసింది, పెద్ద తెర మీద ఇప్పటికీ నిలబడుతుంది. "అల్లూరి" కావాలని అందరూ పట్టుబడతారు, న్యాయమే. అది ఆయన నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పు తెర) సినిమా. చిక్కు కూడా ఆ స్కోప్ దగ్గరే. టీవీ కోసం తయారైన కాపీల్లో రెండు పక్కలా బొమ్మ కోసేసి ఉంటుంది. దాన్ని తెర మీద వేస్తే గుంపు సన్నివేశాల్లో చివర ఉన్నవాళ్లు కనిపించరు, రాజు ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియదు. "సింహాసనం"దీ అదే కథ. 1986లో 70 ఎంఎంలో ఆయనే తీసిన సినిమాను చతురస్రం చేసి చూపిస్తే ఇంకేం మిగిలింది? కాపీ ఇస్తామన్నవాళ్లను తెర కొలత అడగండి. స్కోప్ అంటే వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు ఉండాలి.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందు నిర్మాణ సంస్థ దగ్గర గానీ వారసుల దగ్గర గానీ థియేటర్ హక్కు ఎవరి చేతిలో ఉందో కనుక్కోవాలి. టీవీ హక్కులున్నవాళ్ల మాట థియేటర్‌లో చెల్లదు. యూట్యూబ్‌లో ఉంది కదా అని ల్యాప్‌టాప్ పెట్టి ఫంక్షన్ హాల్లో వేసినా, టిక్కెట్ లేకపోయినా, అది హక్కుదారు అనుమతి లేని ప్రదర్శనే. తర్వాత డిజిటల్ ప్రింటు థియేటర్ సర్వర్‌లోకి ఎక్కాలి. దానికి కేడీఎం అనే తాళం వస్తుంది. అది ఆ థియేటర్‌కు, ఆ తేదీకి, ఆ గంటలకు మాత్రమే తెరుచుకుంటుంది. పదకొండు ఆటకు పదకొండు నుంచే తాళం తీసుకుంటే పరీక్షించే వీలుండదు. ముందురోజు సాయంత్రం నుంచి తీసుకుని పది నిమిషాలు వేసి చూడండి, ఒకసారి మొదటి రీలు, ఒకసారి ఇంటర్వెల్ తర్వాత. పాత సినిమాలు ఎక్కువగా ఒకే ట్రాక్ శబ్దం. అలాంటివాటికి శబ్దం మధ్య స్పీకరు నుంచే వస్తుంది, పక్క స్పీకర్లు మోగలేదని ఆపరేటర్‌తో గొడవ పడొద్దు. థియేటర్ వాళ్లు అడ్వాన్సు కాక డిపాజిట్ కూడా అడుగుతారు, కాగితాలు, టపాసులు, తెర దగ్గర డ్యాన్సుల వల్ల. ఆ డిపాజిట్ వెనక్కి రావాలంటే గేటు దగ్గర సంచులు వెతికే బాధ్యత మీ మనుషులే తీసుకోవాలి. పెద్దవాళ్లను కింది తరగతిలో చివరి వరసల్లో కూర్చోబెట్టండి, చీకట్లో బాల్కనీ మెట్లు ఎక్కించకండి. ఇంటర్వెల్ ఇరవై నిమిషాలు ఇవ్వమని అడగండి, మరుగుదొడ్డి దగ్గర వరస నెమ్మదిగా కదులుతుంది.

నవంబర్ 15న ఆ 65 దాటినవాళ్లు ఖాళీగా కూర్చోకుండా హాల్లో ఒక గోడ వాళ్లకు ఇవ్వండి. ఇళ్లలో ఉన్న పాత పోస్టర్లు, పాటల పుస్తకాలు, సంఘం రశీదులు, శతదినోత్సవం ఫొటోలు అక్కడ పెట్టాలి. అసలు కాగితాలు గోడకు అంటించొద్దు. సెల్లోటేపు తీసేటప్పుడు సిరా ఊడి వస్తుంది. 300 డీపీఐలో స్కాన్ చేయించి ప్రింట్లు అంటించి, అసలువి మడతలు విప్పి అట్టల మధ్య ఇంటికి పంపండి. మడత గట్టిగా విప్పితే అక్కడే చిరుగుతుంది, ఒక పూట బరువు కింద పెట్టి మెల్లగా చదును చేయాలి.

హాలు పక్కన చిన్న గది ఉంటే ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, ఫోన్‌ను మాట్లాడేవాళ్లకు రెండడుగుల దూరంలో పెట్టి ఒక్కొక్కరి మాట పావుగంట రికార్డు చేయండి. "కృష్ణ గారి గురించి చెప్పండి" అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు: మంచి మనిషి, నిర్మాతల హీరో. వివరం రావాలంటే వివరమే అడగాలి. ఏ థియేటర్, ఏ తరగతి, టిక్కెట్ ఎంత, ఎవరితో వెళ్లారు, "అల్లూరి"లో పాట వచ్చినప్పుడు హాలు ఎలా ఉంది, 1972లో ఒకే ఏడాది పద్దెనిమిది సినిమాలు వస్తే డబ్బులు ఎలా సర్దుకున్నారు. ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, తేదీ రాసి, అదే రోజు రెండు చోట్ల దాచండి. ఒకటి పెన్ డ్రైవ్‌లో, ఇంకొకటి సంఘం మెయిల్‌లో. ఒక్క ఫోన్‌లో మాత్రమే ఉంచితే ఆ ఫోన్‌తోనే పోతుంది.

రక్తనిధికి ఉత్తరం అక్టోబర్ 10 లోపు వెళ్లాలి. అంతకంటే ముందు ఆ నోట్‌బుక్‌లో నలభై పేర్ల పక్కన వయసులు పడాలి.